దావీదు కుడిచెయ్యి, నా తప్పులు

ముప్పై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టరుగా పనిచేశాను. మొదట జగ్గయ్యపేట, తర్వాత నందిగామ. నా చేతికింద తయారైనవాళ్లలో ఎవరూ దేశం తరఫున ఆడలేదు. ఒకడు ఆడి ఉండాల్సింది. ఆడకపోవడంలో కొంత వాడి మంచితనం ఉంది, కొంత వాళ్లమ్మ పెట్టిన షరతు ఉంది, మిగతా అంతా నేనే. కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్నవాళ్లు నన్ను కలిసినప్పుడు ఇంక్రిమెంట్ల గురించి, బదిలీల గురించి అడుగుతుంటారు. అవి ఆఫీసు గుమాస్తా నాకంటే బాగా చెబుతాడు. నేను చెప్పగలిగింది దావీదు గురించి.

ముందుగా మా ఉద్యోగం మీద ఒక్క మాట. లెక్కల మాస్టారు సెలవు పెడితే ఆ పీరియడు తెలుగు మాస్టారికి ఇస్తారు. తెలుగు మాస్టారు సెలవు పెడితే లెక్కల మాస్టారికి ఇస్తారు. ఇద్దరూ బడికి వచ్చిన రోజున నా పీరియడు వాళ్లిద్దరూ పంచుకుంటారు. దీనికి మనసు కష్టపెట్టుకునేవాళ్లు ఈ ఉద్యోగానికి రాకపోవడం మంచిది.

తలుపు తట్టిన మనిషి

హైదరాబాదుతో కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజులవి. జగ్గయ్యపేట హైస్కూల్లో మా హెడ్మాస్టరు పురుషోత్తం గారు. మే నెల ఎండల్లో కూడా కోటు విప్పని మనిషి. ఒకరోజు పొద్దున ఆయన గదిలో నిలబడి, ఫుట్‌బాల్ బ్లాడరు చిరిగిందని విన్నవించుకుంటున్నాను. తలుపు వేసి ఉంది. బయటినుంచి ఎవరో తట్టారు. ఒక్కసారే. తలుపు బందులతో సహా ఊడి, లోపలికి వచ్చి, హెడ్మాస్టరు గారి బల్ల మీద వాలింది. సిరాబుడ్డి ఎగిరి ఆయన కోటు మీద పడింది.

గుమ్మానికి అచ్చంగా సరిపోయేటంత మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో. తట్టిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"లోపలికి రావొచ్చాండీ?" అన్నాడు.

పురుషోత్తం గారు బల్ల మీది తలుపునూ ఆ మనిషినీ మార్చి మార్చి చూశారు. "ఇంకా అడగడం దేనికి? ఎవరయ్యా నువ్వు?"

"దావీదండి. మాది పెనుగంచిప్రోలండి. బంట్రోతు పని ఏదన్నా ఉందేమో కనుక్కుందామని వచ్చానండి."

"నిన్ను పెట్టుకుంటే నెల తిరిగేసరికి గోడలు కూడా మిగలవు. ముందా తలుపు బాగుచేయించి తీసుకురా."

దావీదు తలుపును ఎత్తి చంకలో పెట్టుకుని వడ్రంగిని వెతుక్కుంటూ బయల్దేరాడు. నేను బ్లాడరు సంగతి మరిచిపోయి వాడి వెనకాలే వెళ్లాను. బైబిల్లో దావీదు కుర్రవాడు, వాడు పడగొట్టిన గొల్యాతు కొండంతవాడు. మావాడికి పేరు ఒకరిది వచ్చింది, ఒళ్లు ఇంకొకరిది వచ్చింది. మద్రాసులో ట్రైనింగులో ఉన్నప్పుడు నేను బాక్సింగు నేర్చుకున్నాను. ఆడిన ప్రతి పోటీలోనూ ఓడిపోయాను కాబట్టి మంచి దెబ్బ ఎలా ఉంటుందో నాకు దగ్గరగా తెలుసు. వాడు తలుపు తట్టినప్పుడు భుజం కదల్లేదు. ఊరికే మణికట్టు ఆడించాడు, అంతే.

వడ్రంగి కొట్టు దగ్గర అడిగాను. "బాక్సింగు నేర్చుకుంటావురా?"

"అంటే ఏందండీ?"

"ఇద్దరు మనుషులు చేతులకి మెత్తటి తొడుగులు వేసుకుని కొట్టుకుంటారు."

"పొలం గట్టు తగాదానాండీ?"

"తగాదా ఏమీ ఉండదు."

"మరి కొట్టుకోడం దేనికండీ?"

ఈ ప్రశ్నకు ఇప్పటికీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆరోజు మాత్రం, "పైదాకా గెలిస్తే పోలీసు ఉద్యోగం ఇస్తారురా" అన్నాను. అబద్ధం కాదు. పోలీసు జట్టులోకి ఆటగాళ్లను అలాగే తీసుకునేవారు. పర్మనెంటు ఉద్యోగం అనేసరికి దావీదు తలుపు కింద పెట్టాడు.

మరియమ్మ షరతు

దావీదుకు తండ్రి లేడు. తల్లి మరియమ్మ మిరపకోతలకు వెళ్లేది. నేను పెనుగంచిప్రోలు వెళ్లి విషయం చెబితే, ఆమె చేట పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

"అవతలాయన్ని వీడు కొడతాడాండీ?"

"కొట్టాలమ్మా. అదే ఆట."

"ఆయనకీ ఒక తల్లి ఉంటది గదండీ."

ఆమె చేట మళ్లీ చేతిలోకి తీసుకుని తీర్పు చెప్పింది. "సరేనండి. ముందు వీడు చెయ్యెత్తగూడదు. ఆయన కొట్టినాకే వీడు కొట్టాల. రేపు దేవుడి ముందర నిలబడితే, ముందు కొట్టింది మావోడు కాదయ్యా అని చెప్పుకోడానికి నాకొక మాటుండాల."

దావీదు బుద్ధిగా తల ఊపాడు. ఇంటికొస్తూ దారంతా నేను తల పట్టుకున్నాను. కానీ పట్టుకుని ఆలోచించగా ఆ షరతులోనే ఒక పద్ధతి కనబడింది. ఎదుటివాడు కొట్టేదాకా ఆగాలి. సరే, కొట్టనిద్దాం. ఆ దెబ్బ తగలకుండా తల పక్కకు తప్పించి, వాడు తూలి ముందుకు వచ్చిన క్షణంలో కొడితే? తల్లి మాటా దక్కుతుంది, దెబ్బ బరువూ రెట్టింపవుతుంది. అదే నేర్పాను. అంత పెద్ద మనిషి అంత తేలిగ్గా పక్కకు తప్పుకోవడం నేను మద్రాసులో కూడా చూడలేదు. వాళ్ల ఊరి పక్క మున్నేటి ఇసుకలో పొద్దున పరిగెత్తించేవాణ్ని. అంతటి బరువుకీ వాడి అడుగులు ఇసుకలో దిగేవి కావు, కొంగ నడిచినట్టుండేవి.

బాక్సింగులో బరువును బట్టి జతలు కడతారు. అన్నిటికంటే పై తరగతి హెవీవెయిట్. దావీదును తూచడానికి మా బళ్లో ఉన్న కాటా సరిపోక, మిర్చి కొట్టుకు తీసుకెళ్లి బస్తాల కాటా ఎక్కించాను. ఆ ఘాటుకు వాడు తుమ్మడం మొదలుపెట్టాడు. తుమ్మినప్పుడల్లా కాటా ఎగిరెగిరి పడింది. తూచేవాడు విసిగిపోయి, "రెండు బస్తాల పైమాటే మాస్టారూ, పట్టుకుపొండి" అన్నాడు. హెవీవెయిట్ అని రాసుకున్నాను.

సాధనకు ఎదురు నిలబడే మనిషి ఎవరూ దొరక్క నేనే నిలబడ్డాను. పొట్టకు తలగడ కట్టుకుని మరీ నిలబడ్డాను. మొదటివారంలో నా ముందుపన్ను ఒకటి ఊడింది. దావీదు గ్లవ్సు విప్పి పారేసి, గ్రౌండులో మోకాళ్ల మీద పాకుతూ ఆ పన్ను వెతికి తెచ్చి, కడిగి, రెండు చేతులతో నాకందించాడు. "మళ్లీ పెట్టిచ్చుకోండి మాస్టారూ" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. నావి కావు, వాడివి.

పురుషోత్తం గారు మొదట్లో దీన్ని ఒప్పుకోలేదు. "మన పాఠశాలలో హింసకు తావు లేదండీ" అనేవారు, చేతిలోని బెత్తం ఊపుతూ. తర్వాత ఒకరోజు దావీదు తల తప్పించడం కిటికీలోంచి చూశారు. మర్నాడు మద్రాసుకు రాసి బాక్సింగు నిబంధనల పుస్తకం తెప్పించారు. అది నాకు ఇచ్చి, "ప్రతి పేజీ చదవండి" అన్నారు. చదివాను. చదివినదంతా చెప్పానా లేదా అన్నది తర్వాత వస్తుంది.

బెజవాడ

మొదటి పోటీ బెజవాడలో. జిల్లా మొత్తానికి ఇంకొక్క హెవీవెయిట్ దొరికాడు. రొట్టెల బట్టీ నడిపే బసవయ్య. వచ్చీరాగానే బసవయ్య ఒకటి విసిరాడు. దావీదు తల తప్పించాడు, కుడిచెయ్యి అందించాడు. బసవయ్య కళ్లు తేలేశాడు, మోకాళ్లు వదులయ్యాయి. పోటీ అయిపోయిందనుకుని నేను లేచి నిలబడ్డాను.

దావీదు చటుక్కున ముందుకొచ్చి బసవయ్యను చంకల కింద పట్టుకున్నాడు. "పడతారండీ, జాగర్త!" అన్నాడు.

ప్రత్యర్థిని పట్టుకోకూడదు. అది తప్పు. రిఫరీ విడదీశాడు. బసవయ్యకు తెలివొచ్చింది, మళ్లీ కొట్టాడు, మళ్లీ తిన్నాడు, మళ్లీ కూలబోయాడు. మళ్లీ దావీదు పట్టుకున్నాడు. మూడోసారి పట్టుకుని ఏకంగా ఎత్తుకుని తీసుకెళ్లి అతని స్టూలు మీద కూర్చోబెట్టి, నుదురు తుడిచాడు. జనం ఈలలు, చప్పట్లు. రిఫరీ దావీదును పోటీ నుంచి తప్పించి బసవయ్య చెయ్యి పైకెత్తాడు. తను గెలిచినట్టు బసవయ్యకు తెలియడానికి కాసేపు పట్టింది.

కానీ ఆ పోటీ చూసినవాళ్లలో రిటైరైన సుబేదారు ఒకాయన ఉన్నారు. పోలీసు జట్టుకు మనుషుల్ని ఎంపిక చేసే కమిటీలో ఆయన మాట చెల్లుతుంది. నన్ను పక్కకు పిలిచి, "మాస్టరు గారూ, ఇట్లాంటి చెయ్యి నేను సర్వీసంతా తిరిగితే ఒక్కటి చూశాను. ఇది రెండోది. పడిపోయేవాణ్ని పట్టుకోకుండా వీణ్ని ఆపండి, చాలు. హైదరాబాదులో సెలెక్షనుకు నేను పిలిపిస్తా" అన్నారు.

పట్టుకోవడం మాన్పించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. దెబ్బ వెయ్యి, రెండడుగులు వెనక్కి రా, చేతులు వెనక్కి కట్టుకో. పొట్టు కూరిన గోనెసంచిని వేపకొమ్మకు వేలాడదీసి వందలసార్లు చేయించాను. సంచి ఊగి తిరిగొచ్చి వాడి ముఖానికి తగిలేది. వాడు చేతులు కట్టుకుని భరించేవాడు. చివరికి నేర్చుకున్నాడు.

అబద్ధం

హైదరాబాదులో దావీదుకు ఎదురు నిలబడేది ఖాదర్. గెలిచినవాడికి ఉద్యోగం. సుబేదారు గారు ముందురోజే నన్ను హెచ్చరించారు. "ఖాదర్ది కూడా మీవాడి పద్ధతే. ఎదుటివాడు కొట్టేదాకా కొట్టడు. ఇద్దరూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ నిలబడితే రిఫరీ ఇద్దర్నీ పంపించేస్తాడు."

రాత్రంతా ఆలోచించి, పొద్దున రింగు పక్కన దావీదు చేతులకు గుడ్డ చుడుతూ ఇలా అన్నాను. "చూడు నాయనా, చెప్పకూడదు గానీ, ఆ ఖాదర్ మీ అమ్మని ఒక మాట అన్నాడు."

నా లెక్క సులభం. కోపం వస్తుంది, ముందు తనే కొడతాడు.

దావీదు నా ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత లేచి, అవతలి మూలకు నడుచుకుంటూ వెళ్లాడు. ఖాదర్ కూడా పెద్ద మనిషే, ఒక బంగారు పన్ను.

"ఏవండీ, మా అమ్మని ఏదో అన్నారంట. నిజమేనాండీ?"

ఖాదర్ నోరు తెరిచాడు. "నేనెందుకంటనయ్యా? మీ అమ్మెవరో నాకు తెల్వనే తెల్వదు. ఎట్లున్నది, మంచిగున్నదా?"

"బాగుందండి. మీ అమ్మగారండీ?"

"మోకాళ్ల నొప్పులు."

"ఆముదం కాసి రాయమనండి" అని చెప్పి, దావీదు తిరిగొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. "అన్లేదంటన్నారండి మాస్టారూ" అన్నాడు. నేను గుడ్డ చుట్టడంలో మునిగిపోయినట్టు నటించాను.

గంట కొట్టారు. ఇద్దరూ రింగు మధ్యకొచ్చి నిలబడ్డారు. ఒక నిమిషం గడిచింది. ఎవరూ చెయ్యెత్తలేదు. "మీరు కానియ్యండి" అన్నాడు దావీదు. "లేదు లేదు, నువ్వే కానియ్యి" అన్నాడు ఖాదర్. జనం గోల. "పెళ్లిచూపులారా?" అని ఎవరో అరిచారు. రిఫరీ ఇద్దర్నీ గట్టిగా మందలించాక, చివరికి ఖాదరే మొహమాటంగా ఒకటి విసిరాడు.

ఆ తర్వాత జరిగిన రెండు నిమిషాల కోసమే నేనిదంతా రాస్తున్నాను. ఖాదర్ ఆషామాషీ మనిషి కాదు. ఎడమచేత్తో వరసగా మూడు వేసేవాడు, మూడూ మూడు ఎత్తుల్లో. ఆ మూడూ దావీదు చెవుల పక్కనుంచి గాల్లోకి పోయాయి. కాళ్లు కదిలినట్టే లేదు, కానీ మనిషి అక్కడ లేడు. ఖాదర్ ఎటు తిరిగితే అటు దావీదు ముందే వచ్చి ఉన్నాడు. కుడిచెయ్యి మూడుసార్లే వాడాడు. మూడోసారికి ఖాదర్ తాళ్ల మీద వేలాడుతున్నాడు. దావీదు రెండడుగులు వెనక్కొచ్చి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సుబేదారు గారు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నారు. అంత బరువు తరగతిలో అంత నాజూకైన ఆట నేను మళ్లీ చూడలేదు.

పది

రెండో రౌండులో ఖాదర్ కనుబొమ్మ చిట్లింది. ఒక్క చుక్క రక్తం. దావీదు ఆట ఆపేసి, రిఫరీ వైపు తిరిగి, "రక్తమొస్తందండీ, డాక్టరు గారిని పిలవండి" అన్నాడు. ఖాదర్‌కు అది కంట్లో పడి ఏమీ కనబడటం లేదు. దెబ్బ అప్పటికే విసిరేశాడు. అది వచ్చి దావీదు చెవి కింద తగిలింది.

దావీదు దెబ్బకు నేల మీద కూర్చుండిపోయాడు. జీవితంలో మొదటిసారి.

రిఫరీ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు. దావీదుకు నాలుగు అనేసరికే కళ్లు తేటపడ్డాయి. బాసింపట్టు వేసుకుని కూర్చుని, రిఫరీ ముఖంలోకి చూస్తూ, ఒక్కో అంకెకూ తల ఊపుతున్నాడు. అయిదు. ఆరు. నేను "లేవరా! లేవరా!" అని అరుస్తున్నాను. దావీదు నా వైపు తిరిగి, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. పెద్దాయన లెక్కపెడుతుంటే మధ్యలో గోల చేస్తున్నందుకు నన్ను మందలిస్తున్నాడు. తొమ్మిది. పది.

పది పూర్తవగానే దావీదు చెంగున లేచి, గ్లవ్సు రెండూ కొట్టుకుని, "ఆఁ, ఇంక మొదలుపెడదామాండీ?" అన్నాడు.

రిఫరీ అప్పటికే ఖాదర్ చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు.

పడ్డవాడు పది లోపల లేవాలి. పురుషోత్తం గారు తెప్పించిన పుస్తకంలో అది పూర్తిగా ఒక పేజీ ఉంది. చదివాను. చెప్పలేదు. రెండేళ్లలో వాణ్ని పడగొట్టినవాళ్లు ఎవరూ లేరు గనక ఆ మాటే రాలేదు. నాకు పన్ను ఊడింది, మోకాలు వాచింది, తలగడ చిరిగింది. పడటమంతా నేనే పడ్డాను. వాడికి పడటం గురించి ఏమీ తెలియదు. కొత్త మాస్టార్లకు ఇంతే చెబుతాను: మీ పిల్లల్లో అందరికంటే బలవంతుణ్ని, అసలు ఓడిపోనివాణ్ని, మొదటిరోజే నేలమీద కూర్చోబెట్టి, లేచే పద్ధతి నేర్పండి. బలహీనుడికి అది ఎవరూ నేర్పక్కర్లేదు.

కోదాడ దాకా

తిరుగు బస్సు సూర్యాపేట దాటింది. కోదాడలో బస్సు ఆగితే దావీదు దిగి రెండు టీలు తెచ్చాడు. గ్లాసు అందుకుని అన్నాను. "ఒరేయ్, ఖాదర్ మీ అమ్మని ఏమీ అనలేదు. నేనే కల్పించాను."

"తెలుసండి."

"ఎప్పుడు తెలిసింది?"

"మీరు చెబుతా ఉన్నప్పుడేనండి. నిజం చెప్పేటప్పుడు మీరు నన్ను ఒరేయ్ అంటారు. పొద్దున నాయనా అన్నారు."

"మరి వెళ్లి ఎందుకడిగావు?"

"ఒకేళ నిజమేనేమోనని. అమ్మ సంగతి గదండీ." టీ ఊదుకుని, నా వైపు చూడకుండా అన్నాడు. "ఈ ఒక్కసారి ముందు నువ్వే కొట్టరా అని మీరు అడిగుంటే కొట్టేవోణ్ణేమోనండి. అమ్మకి నేను సర్దిచెప్పుకునేవోణ్ణి. మీరడగలేదు."

రెండేళ్లు వాడితో ఉండి, వాణ్ని ఒక్కమాట సూటిగా అడగాలని తోచలేదు నాకు. కోపం తెప్పించాలి, తిప్పాలి, మలపాలి అనుకున్నాను. ఎద్దునైనా ముందు పేరుపెట్టి పిలిచి చూస్తారు.

మరుసటి ఏడు సుబేదారు గారు కమిటీలోంచి తప్పుకున్నారు. కొత్తగా వచ్చినాయన దావీదు పేరు వినగానే నవ్వాడు. ఆ నవ్వుతో ఆ దారి మూసుకుపోయింది. పురుషోత్తం గారు మాత్రం దావీదుకు ఒక మంచి ఉత్తరం రాసిచ్చారు. అది చూపించి జగ్గయ్యపేటలో ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరి, కొన్నాళ్లకు మేస్త్రీ అయ్యాడు. పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలు. నాకు నందిగామ బదిలీ అయింది.

మున్నేటి ఇసుకలో

అయిదారేళ్ల తర్వాత పెనుగంచిప్రోలు తిరునాళ్లకు మా బడి స్కౌట్లను తీసుకుని వెళ్లాను. బందోబస్తుకు వచ్చిన పోలీసుల్లో ఒకాయన నా ముందాగి సెల్యూట్ కొట్టాడు. బంగారు పన్ను మెరిసింది.

"మాస్టరూ, గుర్తున్ననా? మీ దావీదు ఏడున్నడు? నౌకరీల జేరినకాడికెల్లి అడుగుదామనుకుంటున్న. నేను గెల్సిన ఆటల్ల అదొక్కటే నాకు నిద్రల గుర్తొస్తది."

దావీదు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని తిరునాళ్లలోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుని, తప్పిపోయిన అన్నదమ్ముల్లా కావలించుకున్నారు. ఖాదర్ తల్లి మోకాళ్ల సంగతి దావీదు అడిగాడు. ఆముదంతో తగ్గాయట. మధ్యాహ్నం డ్యూటీ దిగాక ముగ్గురం ఏట్లోకి నడిచాం. ఖాదర్ చొక్కా విప్పి, చేతులకు తువ్వాలు చుట్టుకున్నాడు. దావీదు ఇంకో తువ్వాలు చుట్టుకున్నాడు. మూడు నిమిషాలు, ఒక్క రౌండు. టైము చూసి ఈల ఊదడం నా పని.

ఇద్దరికీ పొట్టలు వచ్చాయి. ఖాదర్ మొహమాటం లేకుండా మొదలుపెట్టాడు, ఎడమచెయ్యి, మూడు ఎత్తుల్లో మూడు. మూడూ గాల్లోకి పోయాయి. దావీదు అడుగులు ఇసుకలో దిగలేదు. ఖాదర్ తిరిగినవైపల్లా వాడే ఉన్నాడు. కుడిచెయ్యి ఊరికే వెళ్లి ఖాదర్ గడ్డాన్ని తాకి, తట్టి, వెనక్కి వస్తోంది. కొడితే ఏమయ్యేదో ఖాదర్‌కు తెలుసు, నాకు తెలుసు. చుట్టూ జనం చేరారు. వాళ్లకేమీ తెలియదు, అయినా గొంతు ఎత్తకుండా చూస్తున్నారు. ఏ ఊళ్లో, ఏ రింగులో, ఎవరెవరి ముందు జరగాల్సిన ఆట అది. మున్నేటి ఇసుకలో, జీళ్లు తింటున్న వందమంది మధ్య జరిగింది.

"మాస్టరూ!" అని ఖాదర్ రొప్పుతూ కేక పెట్టాడు. "మూడు నిమిషాలు ఎప్పుడో అయిపాయె! ఈల ఊదుండ్రి, సచ్చిపోతున్న!"

ఈల నా పెదాల మధ్యే ఉంది. ఊదాలని తోచలేదు.